మంచిరోజు కోసం వదిలిన వరుసలు

ఈమధ్య మా నూజివీడు కోర్టు దగ్గర కొత్తగా నోటరీ బోర్డులు తగిలించుకున్న ముగ్గురు లాయర్లు నన్ను హోటలుకి తీసుకెళ్ళి, "సార్, మీ అనుభవాలు మాకు చెప్పాలి" అన్నారు. టీ తాగించారు, గారెలు కూడా పెట్టించారు. తిన్నాక తప్పదు కాబట్టి రాస్తున్నాను. చట్టం, రూల్సు, ఏటా పంపాల్సిన రిటర్నులు అన్నీ పుస్తకంలో ఉన్నాయి, చదువుకోండి. పుస్తకంలో లేనిది నా రిజిస్టరు. ఇరవై ఆరేళ్ళలో పదిహేడు రిజిస్టర్లు నింపాను. కొన్ని పేజీలు ఎలా నింపానో చెబితే మీరు గారెలు వెనక్కి అడుగుతారు.

నేను ఒంట్లో ఓపిక తగ్గి రిటైర్ అయ్యానని ఊళ్ళో అనుకుంటారు. ఆ మాట పుట్టించింది నేనే. అసలు సంగతి ఇందులోనే ఉంది.

సమక్షం అనే మాట

నోటరీ పనేమిటో జనానికి తెలియదు. నోటరీలకూ తెలియదని నా అనుభవం. ఎదురుగా ఒక మనిషి ఉండాలి. అతను ఫలానా అని మనం రూఢి చేసుకోవాలి. మన కళ్ళముందు కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ సంగతి అదే రోజు, వరుస నంబరు తప్పకుండా, మన రిజిస్టరులో ఎక్కించి అక్కడ కూడా అతని చేత సంతకం పెట్టించాలి. ఇంతే పని. ఇందులో ఒక్కటీ చెయ్యకుండా మధ్యాహ్న భోజనంలోపు నలభై కాగితాల మీద సీలు గుద్దిన మహానుభావులు మా కోర్టు రోడ్డులో ఉండేవారు. వాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

ఒకాయన సీలు జిరాక్సు షాపులోనే ఉండేది. ఆయన ఇంట్లో పళ్ళు తోముకుంటుండగానే ఇక్కడ ఆయన సమక్షంలో ఆరుగురు సంతకాలు పెట్టి వెళ్ళిపోయేవారు. నేను అంతకు దిగజారలేదని గర్వపడేవాణ్ణి. నా గొప్ప ఏమిటంటే, ఒకసారి ఒక స్కూలు అఫిడవిట్‌లో తండ్రి వయసు ఏడు, కొడుకు వయసు నలభై అని టైపు అయితే, దాని కింద "చదివి వినిపించగా సరియని ఒప్పుకొనెను" అని రాసి సంతకం చేశాను. ఆ ఏడేళ్ళ తండ్రి నాకు నమస్కారం పెట్టి మరీ వెళ్ళాడు. హెడ్మాస్టరు తిప్పి పంపేదాకా మా ఇద్దరిలో ఎవరికీ తెలియలేదు.

మా సీనియర్ గారి మర్యాద

నాకు పని నేర్పింది విశ్వనాథం గారు. తెల్ల చొక్కా మీద ఇంకు చుక్క పడనిచ్చే మనిషి కాదు. అబద్ధం ఆడాల్సి వస్తే ఆయనకి ఎక్కిళ్ళు వచ్చేవి, అందుకే క్రాస్ ఎగ్జామినేషన్లు మాకు వదిలేసేవారు. అటువంటి మనిషి నాకు మొదటి రోజునే రిజిస్టరు తెరిచి చూపించారు. నాలుగు ఎంట్రీలు, తర్వాత మూడు వరుసలు ఖాళీ. మళ్ళీ అయిదు ఎంట్రీలు, మళ్ళీ ఖాళీ.

"ఇదేంటండీ?" అన్నాను.

"రేపు ఎవరో వస్తారయ్యా. నిన్నటి తేదీ కావాలంటారు. ఎక్కడ రాస్తావు?"

"రాయనని చెప్పేస్తానండీ."

"చెప్పు. పక్క బల్ల దగ్గరికి వెళ్తాడు. అక్కడ రాసి పెడతారు. నువ్వు ఈగలు తోలుకుంటూ కూర్చుందువు గాని."

ఆయన దృష్టిలో అది అబద్ధం కాదు. ఇంటికి వచ్చినవాళ్ళకి కుర్చీ వేసినట్టు, రాబోయేవాళ్ళకి వరుస వదలడం. నేనూ అలాగే నేర్చుకున్నాను. ఆయన్ని ఇప్పుడు తిట్టను. కానీ ఆ కుర్చీలో ఎవరొచ్చి కూర్చుంటారో ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు.

మంగళవారం నాడు ఎవరూ సంతకం పెట్టరు

మిగతా ఊళ్ళలో నోటరీలు బద్ధకం కొద్దీ ఖాళీలు వదులుతారు. మా నూజివీడులో దానికొక శాస్త్రం ఉంది.

మాఘమాసంలో తోటలు పూత మీద ఉంటాయి. వ్యాపారి వచ్చి చెట్టు చెట్టుకీ తలెత్తి చూస్తాడు, పెదవి విరుస్తాడు, రైతు అలుగుతాడు, ఇద్దరూ టీ తాగుతారు, కాపు ఇచ్చేసినట్టు మాట అయిపోతుంది. కాగితం ఎప్పుడో తీరిక దొరికినప్పుడు. కాగితం మీద మాత్రం మాట అనుకున్న రోజూ ఉండకూడదు, సంతకం పెట్టిన రోజూ ఉండకూడదు. పంచాంగంలో మంచిరోజు ఉండాలి.

"దశమి వెయ్యండి లాయర్ గారూ. పోయినేడు మీరు మంగళవారం వేశారు, పూతంతా తేనెమంచు పురుగు పట్టేసింది" అని ఒక పెద్ద రైతు నన్ను పదిమందిలో నిలదీశాడు. మందు ఆలస్యంగా కొట్టింది ఆయన, పురుగుని పిలిచింది నేను!

ఆ తర్వాత నేను తెలివి మీరాను. ఉగాదికి పంచాంగం కొనగానే తిన్నగా మాఘమాసం పేజీ తిప్పి, దశములు, గురువారాలు ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టుకునేవాణ్ణి. ఆ రోజులకి రిజిస్టరులో ఒక పేజీ మొత్తం వదిలేసేవాణ్ణి. లా పుస్తకాల కన్నా పంచాంగం ఎక్కువ నలిగిన లాయరు ఆఫీసు మా జిల్లాలో నాదొక్కటే అయి ఉంటుంది. ఆ తర్వాత నింపిన నా రిజిస్టర్లు నమ్మితే ఈ మామిడి సీమలో మంగళవారం నాడు ఎవరూ ఏ ఒప్పందమూ చేసుకోరు, అమావాస్యకి ఎవరూ సంతకమే పెట్టరు, దశమి గురువారం కలిసొస్తే ఊరు ఊరంతా నా బల్ల ముందు క్యూ కడుతుంది. చూసేవాడికి నవ్వు రావాలి. అన్నేళ్ళూ ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే ఎవరూ చూడలేదు.

చాట్రాయి అవతల నుంచి వచ్చిన అన్నగారు

ఒక చైత్రమాసంలో, పిందెలు కాయలవుతున్న రోజుల్లో, చాట్రాయి అవతల పల్లె నుంచి వెంకట్రామయ్య అనే రైతు వచ్చాడు. ఇస్త్రీ బట్టలు, నెమ్మదైన మాట. తమ్ముడు సుబ్బారావు తన వాటా నాలుగెకరాల మామిడితోట అన్నకి అమ్ముతున్నట్టు అగ్రిమెంటు తెచ్చాడు. పాత తేదీ స్టాంపు కాగితం, కింద తమ్ముడి సంతకం, పక్కన ఆధార్ జిరాక్సు. అన్నీ సిద్ధం.

"తమ్ముడేడీ?" అన్నాను. ఆ మాత్రం అడిగాను.

"చింతలపూడి వెళ్ళాడండీ, పనుంది. సంతకం పెట్టేశాడుగా. మేం మాట అనుకున్నది మాఘంలో, దశమి గురువారం నాడండీ. ఆ తేదీ వేసి పెట్టండి."

దశమి గురువారం! అడిగిన తీరు చూసి నాకు ముచ్చటేసింది. సంప్రదాయం తెలిసిన మనిషి అనుకున్నాను. ఆ పేజీలో అప్పటికి పదమూడు ఎంట్రీలు నిండాయి, ఇంకా చోటుంది. పద్నాలుగోది రాశాను. అగ్రిమెంటు మీద "నాకు తెలిసిన వ్యక్తి, నా సమక్షంలో సంతకం చేసెను" అని సీలు వేశాను. రిజిస్టరులో సంతకం గడి ఖాళీగా ఉంటే బాగుండదని వెంకట్రామయ్యే తమ్ముడి పేరు రాసేశాడు. నా కళ్ళముందే, నా పెన్నుతోనే. నేను ఆ సమయంలో ఫ్యాను తగ్గించమని టైపిస్టుతో అంటున్నాను. ఆ వారం మొత్తంలో నిజంగా నా సమక్షంలో జరిగిన సంతకం అదొక్కటే.

నేను అడగంది ఒకటుంది. తమ్ముడు అప్పటికి చనిపోయి ఇరవై రోజులయింది. గుండెపోటు. మాఘంలో బతికే ఉన్నాడు కాబట్టి వెంకట్రామయ్యకి మాఘం కావాలి. మంచిరోజు మిషతో అడిగితే నూజివీడులో ఏ నోటరీ కాదనడని అతనికి తెలుసు.

భోజనాల వీడియో

ఏడాది తిరక్కుండా కోర్టు నుంచి సమను వచ్చింది. రిజిస్టరు తీసుకుని సాక్ష్యానికి రావాలి. తోట తనకు రాసిమ్మని వెంకట్రామయ్య మరదలి మీద దావా వేశాడు. ఆమె పేరు రత్నకుమారి. ఆ నాలుగెకరాలు తప్ప ఆమెకి వేరే ఆధారం లేదు. కాగితాల్లో సుబ్బారావు చనిపోయిన తేదీ చదివేసరికి నాకు భయం పట్టుకుంది. ఆమె కోసం కాదు, నా కోసం. నిజమే రాయాలి కదా.

పంచాంగం తీసి చూశాను. ఆ దశమి గురువారం నేనెక్కడున్నానో గుర్తొచ్చింది. ఒక మామిడి వ్యాపారి కూతురి పెళ్ళికి హనుమాన్ జంక్షన్ వెళ్ళాను. ఆ రోజు ఆఫీసు తలుపే తీయలేదు. అంత మంచిరోజు మరి! ఆ రోజు తేదీతో పద్నాలుగు కాగితాలు నా సమక్షంలో నడిచాయి.

వెంకట్రామయ్య వచ్చినప్పుడు ఆ మాటే చెప్పాను. అతను తొణకలేదు.

"అదెంత దూరమండీ! భోంచేసి మూడింటికల్లా వచ్చేశానని చెప్పండి. ఎవరు కాదంటారు?"

ఎవరూ కాదనరు. నేను స్నానం చేస్తూ, చెప్పులు వేసుకుంటూ ఆ వాక్యం వల్లె వేశాను. "భోజనం చేసి మూడు గంటలకు నూజివీడు వచ్చితిని." చక్కగా కుదిరింది.

వాయిదాకి నాలుగు రోజుల ముందు రత్నకుమారి నా ఆఫీసుకి వచ్చింది. నలభై ఏళ్ళుండవు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మిమ్మల్ని బతిమాలడానికి రాలేదండీ. ఒకటి చూపించి పోతాను" అని ఫోను నా ముందు పెట్టింది.

హనుమాన్ జంక్షన్ పెళ్ళి వీడియో. భోజనాల పంక్తి. నేను విస్తరి మీదికి వంగి తింటున్నాను. నా పక్కన చారల చొక్కా వేసుకున్న మనిషి. వడ్డించేవాళ్ళు పనసపొట్టు కూర తెచ్చి నన్ను దాటి వెళ్ళిపోయారు. ఆ చారల చొక్కా మనిషి చెయ్యెత్తి వాళ్ళని వెనక్కి పిలిచి, నా విస్తరి చూపించాడు. నాకు రెండు గరిటెలు వేశారు. అతను నా వైపు తిరిగి ఏదో అన్నాడు. నేను తలెత్తకుండానే ఊపాను.

"ఆయనేనండీ మా ఆయన. ఆ వ్యాపారి మమ్మల్నీ పెళ్ళికి పిలిచారు" అంది.

ఆధార్ జిరాక్సు నా ఫైల్లోనే ఉంది, పిన్ను కొట్టింది నేనే. పక్కనే కూర్చుని తిన్న మనిషిని ఆ జిరాక్సులో పోల్చుకోలేదు. అసలు చూస్తే కదా.

"మా బావగారు మీకేం చెప్పారో నాకు తెలీదండీ. మా ఆయన ఆ రోజు నాతోపాటే సాయంత్రం బస్సులో ఇంటికొచ్చారు. నూజివీడులో దిగలేదు. నా మాట కోర్టు నమ్మదంట, భార్యని కదా. మీ మాటే నమ్ముతారంట. మీ దగ్గర పుస్తకం ఉంది కదండీ."

అంతే చెప్పి వెళ్ళిపోయింది. నేను పిరికివాణ్ణి కాబట్టి వెంటనే వెంకట్రామయ్యకి ఫోను చేశాను. వీడియో ఉందని చెప్పాను. అతను సంతోషపడ్డాడు.

"ఇంకా మంచిదేగా లాయర్ గారూ! ఇద్దరూ పక్కపక్కనే తిన్నారు. తిన్నాక మీ బండి మీదే నూజివీడు తీసుకొచ్చి సంతకం పెట్టించుకున్నానని చెప్పండి. 'నాకు తెలిసిన వ్యక్తి' అని రాశారు, దానికి సాక్ష్యం కూడా దొరికింది!"

ఇరవై ఆరేళ్ళలో నేను విన్న అన్ని వాదనల్లోకీ అదే పకడ్బందీగా ఉంది. నేను ఫోను పెట్టేశాను.

బోనులో

నేను ముందే మారిపోయి కోర్టుకి వెళ్ళానని రాస్తే మీరు నమ్మకండి. మెట్లెక్కేటప్పుడు కూడా నా దగ్గర రెండు జవాబులూ ఉన్నాయి. ఏది నోట వస్తుందో నాకే తెలియదు.

రత్నకుమారి తరఫు లాయరు మా బారులో కొత్తగా చేరిన అమ్మాయి. గొంతు పెంచలేదు. రిజిస్టరు తెరిచి, మాఘమాసం పేజీలు ఒక్కొక్కటీ తిప్పింది.

"బుధవారం రెండు ఎంట్రీలు. గురువారం పద్నాలుగు. శుక్రవారం ఒకటి. అంతకుముందు మంగళవారం ఒక్కటీ లేదు. మంగళవారాలు మీకు సెలవా సార్?"

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎట్టకేలకు ఒకరు చూశారు.

"సెలవు కాదండీ" అన్నాను.

"ఈ పద్నాలుగో ఎంట్రీలో ఉన్న సుబ్బారావు గారిని మీరు ఎరుగుదురా?"

వెంకట్రామయ్య ముందు వరుసలో కూర్చుని నా వైపు చూసి తలూపుతున్నాడు, పిల్లవాడికి పద్యం అందించేవాడిలాగ.

"ఎరగనండీ. ఒక్కసారి ఆయన పక్కన కూర్చుని భోంచేశాను, ఆ రోజే, హనుమాన్ జంక్షన్‌లో. ఆయన నా ముందు సంతకం ఎప్పుడూ పెట్టలేదు. ఈ కాగితం నా దగ్గరికి వచ్చేసరికి ఆయన లేరు. రిజిస్టరులో ఆ సంతకం వాళ్ళ అన్నగారిది."

జడ్జిగారు కళ్ళజోడు తీశారు. "ఆ రోజు మీరు నూజివీడులో లేరు. మరి మిగతా పదమూడు?"

"అవీ ఆ రోజువి కావండీ."

హాలంతా గొల్లున నవ్వింది. నేను తల వంచుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను అని రాయడం వాడుక. నేను చావలేదు, బోను దిగాను.

మిగిలినవి

దావా కొట్టేశారు. తోట రత్నకుమారికే ఉంది. వెంకట్రామయ్య మీదా నా మీదా వేరే కేసు నడుస్తోంది, దాని గురించి రాయకూడదు. నా నోటరీ సర్టిఫికెట్ రద్దయింది. ఊళ్ళో నేను ప్రచారం చేసుకున్న రిటైర్మెంటు అదే.

మిగతా పదమూడు ఒప్పందాల తాలూకు రైతులూ వ్యాపారులూ నా ఇంటికి వచ్చారు. తప్పుడు తేదీ వేసినందుకు తిడతారనుకున్నాను. "ఉన్నమాట చెబితే చెప్పారు, మా దశమి ఎందుకు చెడగొట్టారండీ" అని తిట్టారు. వాళ్ళలో ఇద్దరు ఈ మాఘంలో మీ దగ్గరికే వస్తారు, గారెలు పెట్టించిన నాయనలారా. నవ్వుతూనే వస్తారు. అప్పుడు రాయనని చెప్పండి. పక్క బల్లకి వెళ్తారు, వెళ్ళనివ్వండి. సాయంత్రం కుర్చీ లేచే ముందు చివరి ఎంట్రీ కింద గీత కొట్టి, సంతకం పెట్టి, రిజిస్టరు మీ చేత్తో బీరువాలో పెట్టండి. స్కేలు, పెన్ను చాలు. సర్టిఫికెట్ రద్దు చేసిన ఆఫీసు వాళ్ళకి రిజిస్టర్లు అప్పజెప్పే ముందు నేను మిగిలిన పదహారింటిలోనూ ఖాళీ వరుసలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మూడో పుస్తకంలో ఆపేశాను.

రత్నకుమారి నాకు ఒక్క కాయ కూడా పంపలేదు. పంపకపోవడమే న్యాయం. ఆమె నన్ను అడిగింది ఒక్కటే, అది కూడా సాక్ష్యం అయిపోయాక కోర్టు వరండాలో. నేను తప్పించుకుని మెట్లు దిగబోతుంటే వెనక నుంచి పిలిచింది. కృతజ్ఞతలు చెబుతుందేమోనని ఆగాను. ఎంత సిగ్గులేనివాణ్ణో చూడండి.

"లాయర్ గారండీ, ఆ వీడియోలో మేళం మోతే వినబడుతుంది. ఆయన మీ వైపు తిరిగి ఏదో అన్నారు కదండీ. ఏమన్నారు?"

ఏదో ఒకటి చెప్పొచ్చు. కూర బాగుందన్నాడని చెప్పొచ్చు, తోట పూత బాగా వచ్చిందన్నాడని చెప్పొచ్చు. ఆమె నమ్మేది, ఇంటికి తీసుకెళ్ళి దాచుకునేది. అటువంటి వాక్యాలు అల్లడంలో ఇరవై ఆరేళ్ళ అనుభవం నాది.

"గుర్తు లేదమ్మా. నేను ఆయన ముఖం కూడా చూడలేదు" అన్నాను.

ఆమె "సరేనండీ" అని చాట్రాయి బస్సు కోసం వెళ్ళిపోయింది.